బడి కమిటీలో మన కుర్చీ ఖాళీగా ఉంది

జగిత్యాలలోనైనా, కోరుట్లలోనైనా, సిరిసిల్లలోనైనా మసీదు ఇంతెజామీ కమిటీ ఎన్నిక వచ్చిందంటే మన మొహల్లాలు నిద్రపోవు. సదర్ ఎవరు, ఖాజిన్ ఎవరు, ఏ వీధికి ఎన్ని పదవులు అంటూ ఇషా నమాజు తర్వాత అర్ధరాత్రి దాకా చర్చలు సాగుతాయి. లెక్కల పుస్తకం చూపించమని నిలదీసేవారుంటారు, చూపించేదాకా కదలనివారూ ఉంటారు. ఇది మంచి అలవాటే. అల్లాహ్ ఇంటి సొమ్ము అమానత్ అని, దానికి జవాబుదారీ ఉండాలని మనకు తెలుసు. అయితే అదే వీధి చివర ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉంది. మన పిల్లలు రోజూ ఆరేడు గంటలు గడిపే చోటు అది. దానికీ ఒక కమిటీ ఉంది. ఆ కమిటీ ఛైర్మన్ ఎవరని మన ఇళ్లలో అడిగి చూడండి. పదిళ్లలో ఒక్కరు జవాబు చెబితే గొప్ప.

పిల్లల చదువు అమానత్ కాదా? దానికి లెక్క అడగనక్కర లేదా?

ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీ హెడ్మాస్టరు దయతలచి ఇచ్చే గౌరవం కాదు, చట్టం తల్లిదండ్రుల చేతికిచ్చిన అధికారం. దానిని సంతకాల పుస్తకంగా కుదించినవారిని నిలదీయవలసిన సమయం వచ్చింది. ఆ అధికారాన్ని దుమ్ముపట్టనిచ్చిన మన సమాజాన్ని కూడా అంతే గట్టిగా నిలదీయాలి.

చట్టం ఏమంటున్నది?

బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. అందులోని 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ పాఠశాలకూ ఒక యాజమాన్య కమిటీ ఉండి తీరాలి. సభ్యులలో నాలుగింట మూడు వంతులకు తగ్గకుండా తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి. సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలి. వంచిత వర్గాల, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు ఆ పిల్లల సంఖ్యకు తగిన నిష్పత్తిలో ప్రాతినిధ్యం దక్కాలి.

ఉమ్మడి రాష్ట్రంలో 2011 మార్చిలో వెలువడిన జీఓ 20 ఈ సెక్షన్‌కు నియమావళి రూపం ఇచ్చింది. తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులను ఆ తరగతి పిల్లల తల్లిదండ్రులే ఎన్నుకోవాలి. ఆ ముగ్గురిలో ఒకరు వంచిత వర్గానికి, మరొకరు బలహీన వర్గానికి చెందినవారై ఉండాలి, కనీసం ఇద్దరు స్త్రీలు కావాలి. ఐదు తరగతుల బడిలో ఈ లెక్కన 15 మంది ఎన్నికైన తల్లిదండ్రులు ఉంటారు. ఛైర్మన్, వైస్ ఛైర్మన్ వీరిలోంచే రావాలి. ప్రధానోపాధ్యాయుడు కన్వీనర్. వార్డు ప్రతినిధి, అంగన్‌వాడీ కార్యకర్త, ఏఎన్ఎం తదితరులు పదవి రీత్యా సభ్యులు. పదవీకాలం రెండేళ్లు. అదే నియమావళి ప్రైవేటు బడుల 25 శాతం ప్రవేశాల వాటాలు చెప్పేచోట మైనారిటీలను బలహీన వర్గాలలో లెక్కించింది. కాబట్టి మన పిల్లలున్న తరగతిలో మనకు చోటు అడగటానికి ఆధారం చట్టంలోనే ఉంది. మనం కొత్తగా కల్పించే కోరిక కాదిది.

ఇక అధికారాలు. బడి పనితీరును పర్యవేక్షించడం, పాఠశాల అభివృద్ధి ప్రణాళికను తయారుచేసి సిఫారసు చేయడం, ప్రభుత్వం నుంచి, స్థానిక సంస్థ నుంచి వచ్చే నిధుల వినియోగాన్ని కనిపెట్టి ఉండటం 21వ సెక్షన్ పేర్కొన్న పనులు. 22వ సెక్షన్ మరో అడుగు ముందుకు వేసింది. కమిటీ తయారుచేసిన ప్రణాళికే ప్రభుత్వం ఇచ్చే నిధులకు ఆధారం కావాలని చెప్పింది. అంటే ఉర్దూ టీచరు లేడని, ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదని, తాగునీరు లేదని ప్రణాళికలో రాసే కలం తల్లిదండ్రుల చేతిలో ఉంది. కలం పట్టనివారి తరఫున మరెవరో రాస్తారు. లేదా ఎవరూ రాయరు.

కాగితం మీది కమిటీ

ఆచరణ ఎలా ఉన్నది? తెలంగాణలో 2019 నవంబరులో ఈ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. రెండేళ్ల గడువు తీరినా పాత కమిటీలను పొడిగిస్తూ పోయారు. మళ్లీ ఎన్నికలు 2024 జనవరిలో గాని జరగలేదు. 2019లో నాలుగో తరగతి పిల్లవాడి తండ్రిగా ఎన్నికైన వ్యక్తిని తలచుకోండి. మళ్లీ ఎన్నిక వచ్చేసరికి ఆ పిల్లవాడు ప్రాథమిక బడి దాటి మూడేళ్లు కావస్తున్నది. బడిలో పిల్లలే లేనివారు బడిని పర్యవేక్షించడం ఏ నియమావళిలోని ధర్మం? కరోనా కొంత కారణం కావచ్చు. కరోనా పోయిన తర్వాత కూడా ఆలస్యమెందుకు జరిగిందో చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వానిది.

ఎన్నిక జరిగిన రోజు సంగతి కూడా చూద్దాం. నోటీసు బోర్డు మీద తెలుగులో ఒక కాగితం అంటిస్తారు. ఉర్దూ మాధ్యమ బడిలోనూ అంతే. ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా 2017 నవంబరులో శాసనసభ ఆమోదించింది. ఆ ఆమోదం బడి నోటీసు బోర్డు దాకా రావడానికి ఇంకెన్నేళ్లు కావాలి? ఎన్నిక వేళ పనిదినం పగలు. వచ్చిన నలుగురైదుగురిలోంచే పేర్లు రాసుకొని, రానివారి పేర్లు కూడా పట్టికలో చేర్చి, పుస్తకం ఇంటికి పంపి సంతకం తీసుకొనే పద్ధతి నేను అనేక చోట్ల చూశాను. తాను సభ్యురాలినని తెలియని సభ్యురాలితోనూ మాట్లాడాను. ఆమె చేత సంతకం పెట్టించినవారికి ఆమె హాజరు అవసరం లేకపోయింది, సంతకం ఒక్కటే అవసరమైంది.

ఆ సంతకం తేలిక వస్తువు కాదు. 2022లో ప్రారంభమైన ‘మన ఊరు – మన బడి’ పనులను ఈ కమిటీల ద్వారానే చేయించారు. లక్షల రూపాయల పనికి తీర్మానం మీద సంతకం చేసిన మనిషి ఆ లెక్కకు జవాబుదారీ అవుతాడు. ఏమి చదివి సంతకం పెట్టామో తెలియని తల్లిని అటువంటి స్థానంలో నిలబెట్టడం ఆమెకు గౌరవం కాదు, అన్యాయం.

‘వాళ్లకు చదువు రాదు, వచ్చి ఏం చేస్తారు?’ అనే మాట కొందరు ఉపాధ్యాయుల నోట వింటుంటాము. చట్టం సభ్యత్వానికి విద్యార్హత పెట్టలేదు. బిడ్డ ఆ బడిలో చదవడమే అర్హత. వెయ్యి బీడీలకు ఎంత ఆకు, ఎంత తంబాకు పట్టాలో, కార్ఖానాలో ఎన్ని కట్టలు తీసేశారో నోటిలెక్కతో చెప్పే తల్లికి మధ్యాహ్న భోజనం బియ్యం లెక్క అర్థం కాదా? అర్థమవుతుందనే భయమే అసలు కారణమని నేను అనుకొంటున్నాను.

మన మూడు పట్టణాల ముచ్చట

ఈ మూడు పట్టణాల ముస్లిం కుటుంబాల బతుకు తీరు తెలియకుండా ఈ సమస్య అర్థం కాదు. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో ఎందరో తండ్రులు దుబాయిలో, సౌదీలో ఉన్నారు. సిరిసిల్ల జిల్లా నుంచి వెళ్లినవారూ తక్కువేమీ కాదు. రెండు మూడేళ్లకోసారి సెలవు మీద వచ్చే తండ్రి బడి సమావేశానికి ఎలా వస్తాడు? ఇంట్లో తల్లి చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుడుతూ ఉంటుంది. పగటిపూట రెండు గంటలు బడికి వెళ్తే ఆ రోజు కూలీలో కోత పడుతుంది. సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసే కుటుంబాలకూ షిఫ్టు వదిలి రావడం అంతే కష్టం. పైగా అక్కడ తెలుగు మాధ్యమ తరగతులలో మన పిల్లలు ఒకరిద్దరే ఉంటారు. చేతులెత్తి ఎన్నుకొనే చోట ఆ ఒకరిద్దరి తల్లిదండ్రుల వైపు ఎవరి చూపూ పడదు.

అందుకే నిష్పత్తి అనే మాటను చట్టంలో రాశారు. సంఖ్య తక్కువగా ఉన్నవారికి చేతులెత్తే పద్ధతి వల్ల న్యాయం జరగదని చట్టం రాసినవారికి తెలుసు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఇలాంటిదే ఒక ఏర్పాటు ఉంది. ఇంట్లో వేరే భాష మాట్లాడుతూ బడిలో ఇంగ్లీషు నేర్చుకొంటున్న పిల్లలు ఒక పాఠశాలలో 21 మంది లేదా అంతకు మించి ఉంటే, వారి తల్లిదండ్రులతో ప్రత్యేక సలహా సంఘం ఏర్పాటు చేసి తీరాలి. ఆ పిల్లలు బడిలో ఎంత శాతమో, ఆ సంఘంలో వారి తల్లిదండ్రులు కనీసం అంత శాతం ఉండాలి. అక్కడిది సలహా సంఘమే. అయినా భాషా అల్పసంఖ్యాకుల వాటాను లెక్క కట్టి మరీ రాశారు. సలహాకంటే పెద్ద అధికారం ఉన్న మన కమిటీలో ఆ లెక్కను ఎవరు కడుతున్నారు?

రిజర్వేషన్ల విషయం గుర్తు చేసుకోండి. 2016లో సుధీర్ కమిషన్ నివేదిక వచ్చింది. 2017 ఏప్రిల్‌లో శాసనసభ 12 శాతం బిల్లును ఆమోదించి ఢిల్లీకి పంపింది. అది అక్కడే ఆగిపోయింది. దాని కోసం పోరాడవలసిందే. అయితే బడి కమిటీలో మన వాటాకు రాష్ట్రపతి ఆమోదం అక్కరలేదు, కొత్త బిల్లు అక్కరలేదు, ఉన్న చట్టాన్ని చేతబట్టుకొని బడి గేటు దాటితే చాలు. సుదూరపు హక్కు కోసం సభలు పెట్టిన మనం, చేతికందే హక్కును ఎందుకు మరిచాము?

అమ్మ పేరు, ఎవరి కుర్చీ?

2024లో రాష్ట్ర ప్రభుత్వం ‘అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు’ ఏర్పాటు చేసి, మరమ్మతులు, తాగునీరు, మరుగుదొడ్లు, యూనిఫాం కుట్టుపని వంటివి అప్పగించింది. తల్లులకు పని, పెత్తనం ఇవ్వడం మంచిదే. అయితే ఆ కమిటీకి ఛైర్‌పర్సన్ ఎవరు? ఆ బడి తల్లిదండ్రులు ఎన్నుకొన్న వ్యక్తి కారు. గ్రామంలో మహిళా సంఘాల సమాఖ్య అధ్యక్షురాలు, పట్టణంలో ఏరియా సమాఖ్య అధ్యక్షురాలు ఆ పదవి రీత్యా ఛైర్‌పర్సన్ అవుతారు.

ఇక్కడ మన కుటుంబాలకు సంబంధించిన చిక్కు ఒకటి ఉంది. మహిళా సంఘాల పని ప్రధానంగా పొదుపు, వడ్డీతో కూడిన అప్పు. వడ్డీ హరామ్ అన్న విశ్వాసంతో వాటికి దూరంగా ఉండే ఇళ్లు మన మొహల్లాలలో ఎన్నో ఉన్నాయి. అప్పు వద్దనుకొన్న తల్లికి, ఆ కారణం చేతనే తన బిడ్డ బడి కమిటీకి అధ్యక్షత వహించే దారి కూడా మూసుకుపోవాలా? మూయాలనే ఉద్దేశం ప్రభుత్వానికి ఉందని నేను అనడం లేదు. ఉద్దేశం లేకపోయినా ఫలితం అదే. పార్లమెంటు చట్టంలోని 21వ సెక్షన్ కమిటీని కార్యనిర్వాహక ఉత్తర్వుతో పక్కకు నెట్టే వీలు లేదు. రెండు కమిటీలు నడవాలంటే నడపండి. నిధుల లెక్క మాత్రం తల్లిదండ్రులు ఎన్నుకొన్న కమిటీ ముందుకు రావాలి.

సలహా సంఘమా, యాజమాన్య సంఘమా?

ఇప్పుడు మన ఇంటి వైపు కూడా చూసుకోవాలి. 2012 ఆగస్టు 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం మైనారిటీలు స్థాపించి నడిపే పాఠశాలలలోనూ, ఇతర ఎయిడెడ్ పాఠశాలలలోనూ ఈ కమిటీ పాత్ర సలహాకే పరిమితం. తర్వాత 2014 మే 6న ప్రమతి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం అసలు వర్తించదని తీర్పు చెప్పింది. 2025 సెప్టెంబరు 1న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పుపై సందేహం వెలిబుచ్చి, విస్తృత ధర్మాసనం పరిశీలించాలని కోరుతూ ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది.

రాజ్యాంగం 30వ అధికరణం మనకు ప్రాణప్రదం. దానిని బలహీనపరచే ఏ ప్రయత్నాన్నైనా ఎదిరించాలి. అయితే ఆ అధికరణం మన సమాజం మొత్తానికి ఇచ్చిన రక్షణ. ఒక కుటుంబమో, నలుగురు ట్రస్టీలో ఫీజు లెక్క చెప్పకుండా బడి నడుపుకోవడానికి ఇచ్చిన పరదా అనుకొంటే పొరపాటు. మన యాజమాన్యాల బడులలో తల్లిదండ్రుల సంఘం ఉందా? ఫీజు పెంచే ముందు ఎవరినైనా అడిగారా? టీచర్లకు ఎంత జీతం ఇస్తున్నారో తల్లిదండ్రులకు తెలుసా? దివ్య ఖుర్‌ఆన్‌లోని 42వ అధ్యాయం పేరే అష్షూరా, అంటే సంప్రదింపు. చట్టం బలవంతపెట్టకపోయినా దీన్ మనల్ని మష్వరాకు బద్ధుల్ని చేసింది. ప్రభుత్వ బడిలో కమిటీ అడిగి, మన బడిలో కమిటీ వద్దంటే మన మాటకు విలువ ఉండదు.

గురుకులాలు ఉన్నాయిగా?

కొందరు పెద్దలు అడుగుతారు: మైనారిటీ గురుకులాలు 204 ఉన్నాయి, ఇంకా ఈ చిన్న బడుల గొడవ ఎందుకని. గురుకులాల మేలును ఎవరూ కాదనరు. కాని అవి ఐదో తరగతి నుంచి మొదలవుతాయి. ఆరేళ్ల పిల్లను హాస్టలుకు పంపలేము. అక్షరం, ఎక్కం, ధైర్యంగా నిలబడి మాట్లాడటం అన్నీ వీధి బడిలోనే రావాలి. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక, 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లలలో నూటికి 25 మంది అసలు బడికి వెళ్లనివారో, మధ్యలో మానేసినవారో అని తేల్చింది. బడి వయసు పిల్లలలో మదర్సాలలో చదివేవారు సుమారు నూటికి నలుగురేనని కూడా అదే నివేదిక చెప్పింది. మిగిలిన పిల్లలలో ఎక్కువమందికి దిక్కు సర్కారు బడి. ఆ బడి బాగోగులు చూసే కమిటీని వదిలేసి, ఐదో తరగతి సీటు కోసం నాయకుల ఇళ్ల ముందు వరుస కట్టడం పునాది వదిలి పైకప్పు కోసం వెతకడమే.

ఏం చేయాలి?

నేను గుమాస్తాగా ప్రభుత్వ ఫైళ్ల మధ్య బతికి రిటైరైన వాడిని. ఆఫీసు ఒక్క సత్యం నేర్పింది: పుస్తకంలో లేనిది జరగనట్టే లెక్క. అందుచేత నా సూచనలన్నీ పుస్తకం చుట్టూ తిరుగుతాయి.

మొదటిది, ఎన్నిక నోటీసు ఉర్దూలోనూ తెలుగులోనూ రావాలి, మసీదు బోర్డు మీదా అంటించాలి. జుమా నాడు ఇమామ్ సాహెబ్‌లు ఒక్క నిమిషం ప్రకటన చేస్తే చాలు. ఎన్నిక, సమావేశాలు తల్లులకు వీలైన వేళ పెట్టాలని హెడ్మాస్టరుకు లిఖితపూర్వకంగా కోరండి.

రెండవది, తల్లులను పంపండి. సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలని చట్టమే చెబుతుంటే, ‘మా ఇంటి ఆడవాళ్లు రారు’ అనే మగవారు తమ పిల్లల వాటాను తామే రద్దు చేస్తున్నారు. పెళ్లిళ్లకు, బజారుకు, బీడీ కార్ఖానాకు లేని అడ్డు బడికి ఎక్కడి నుంచి వచ్చింది?

మూడవది, తీర్మానాల పుస్తకం చదివి వినిపించనిదే సంతకం పెట్టవద్దు. కొత్త సంతకం పెట్టే ముందు గత సమావేశం తీర్మానం ఏమైందో అడగండి. పుస్తకం చూపకపోతే సమాచార హక్కు చట్టం 2005 కింద నకలు కోరండి.

నాల్గవది, అడిగేదాన్ని చట్టం భాషలో అడగండి. ప్రాథమిక బడిలో 60 మంది దాకా పిల్లలకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 120 దాకా నలుగురు ఉండాలి. మంజూరైన పోస్టులలో ఖాళీలు పది శాతం మించరాదని 26వ సెక్షన్ చెబుతుంది. సాధ్యమైనంత మేరకు మాతృభాషలో బోధించాలని 29వ సెక్షన్, ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతున్నాయి. ‘ఉర్దూ సారును పంపండి’ అని బతిమాలడం వేరు, ఈ సెక్షన్లు ఉటంకిస్తూ కమిటీ తీర్మానం పంపడం వేరు.

ఐదవది, వినతిపత్రం ఎప్పుడూ రెండు ప్రతులు రాయండి. ఒకటి మండల విద్యాధికారి కార్యాలయంలో ఇచ్చి, రెండో దాని మీద తేదీతో ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే మూడు నెలలలో నిర్ణయం ఇవ్వాలి. అసంతృప్తి ఉంటే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేయవచ్చు. తేదీ లేని వినతిపత్రానికి మూడు నెలల గడువు ఎక్కడి నుంచి లెక్కిస్తారు?

చివరి మాట ఉపాధ్యాయులతో. ఈ కమిటీ మీకు శత్రువు కాదు. ఒక్క టీచరు ఐదు తరగతులు ఈదుతున్న బడిలో, రెండో టీచరు కోసం గొంతు విప్పగలిగేది తల్లిదండ్రులే. మీరు ఉద్యోగ నియమాలకు లోబడి చెప్పలేని మాటను వారు తీర్మానంగా చెప్పగలరు. వారిని కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడితే మీ బలమే పెరుగుతుంది.

సోదర సోదరీమణులారా, ఈ నెలలోనే మీ బిడ్డ చదివే బడికి వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి. కమిటీ సభ్యులు ఎవరు? చివరి సమావేశం ఎప్పుడు జరిగింది? ఈ ఏడాది వచ్చిన నిధులెన్ని, దేనికి ఖర్చయ్యాయి? ముగ్గురు తల్లులు కలిసి వెళ్లి అడిగితే మరీ మంచిది. జవాబు రాకపోతే అదే మూడు ప్రశ్నలను కాగితం మీద పెట్టి, నంబరు వేయించుకొని రండి.